స్టాపులు మార్చే పని కూడా స్కోరుకే అప్పగించండి

ప్రశ్న: వందనాలండీ. మాది కందుకూరు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా మామయ్య గారు చాలా ఏళ్ళు మా సంఘంలో లెగ్ హార్మోనియం వాయించారు. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి నాలుగు గొంతుల హిమ్స్ (సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ కలిపి పాడే ఆరాధన గీతాలు) వాయించే మనిషి మా చుట్టుపక్కల ఆయనొక్కరే. ఇప్పుడు ఆయన వేళ్ళు సహకరించడం లేదు, ఆ హార్మోనియం కూడా పాడైంది. ఆయన దగ్గరున్న పాటల్ని నేను కూర్చుని మ్యూజ్‌స్కోర్ అనే స్కోరు (స్వరలిపి) రాసే ప్రోగ్రామ్‌లో ఎక్కించాను. గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత పైప్ ఆర్గన్ సాఫ్ట్‌వేర్ కూడా దించుకున్నాను. మౌస్‌తో కీ నొక్కితే మోగుతుంది గానీ స్కోరు ప్లే చేస్తే ఆర్గన్ పలకదు. మా తమ్ముడు ఏదో సెట్టింగ్ మార్చాక పలికింది గానీ పాటంతా ఒకే కీబోర్డు మీద మోగుతోంది, పెడల్ (కాళ్ళతో వాయించే కీబోర్డు) అసలు లేదు. చరణం చరణానికీ స్టాపులు (ఒక్కో రకం గొట్టాల్ని పలికించే మీటలు) మార్చాలంటే నేనే మౌస్ పట్టుకుని పరిగెత్తాల్సి వస్తోంది. స్టాపులు కూడా స్కోరే మార్చేలా చేయొచ్చా? డబ్బు పెట్టి హౌప్ట్‌వెర్క్ అనే ఆర్గన్ సాఫ్ట్‌వేర్ కొనాలా? మన తెలుగు కీర్తనలు కూడా ఇలాగే చేయొచ్చా? నాది 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్. క్రిస్మస్ ఆరాధనకి సిద్ధం చేయాలని మామయ్య గారి కోరిక. — ఒక టీచర్, కందుకూరు

సమాధానం: టీచర్ గారూ, నాలుగు గొంతుల పాటల్ని తప్పుల్లేకుండా స్కోరులోకి ఎక్కించడమే ఇందులో ఎక్కువ ఓపిక కావాల్సిన పని. అది మీరు పూర్తి చేశారు. ఇక మిగిలింది స్కోరుకీ ఆర్గన్‌కీ మాట కలపడం. స్టాపులు స్కోరే మార్చగలదు, అందుకు మీరేమీ కొనక్కర్లేదు. క్రిస్మస్‌కి టెన్షన్ పడకుండా తయారవ్వచ్చు.

స్కోరు నుంచి ఆర్గన్‌కి వెళ్ళేది ధ్వని కాదు, మిడీ సందేశాలు. 1983లో వచ్చిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ‘ఫలానా ఛానల్లో 60వ నంబరు కీ నొక్కారు, ఇప్పుడు వదిలారు’ అన్నంత చిన్న కబుర్లే అవి. ఛానళ్ళు 16. మిడిల్ సి నంబరు 60. మామూలుగా ఆర్గన్ చేతి కీబోర్డులో అట్టడుగు కీ 36, 61 కీలుంటే పై చివర 96. 32 కీల పెడల్ బోర్డయితే 36 నుంచి 67 దాకా. ఈ కబుర్లలో ఎక్కడా ‘ట్రంపెట్ స్టాప్ లాగు’ అనే మాట ఉండదు. ఏ కబురు వస్తే ఏం చేయాలో ఆర్గన్‌కి మనమే ఒకసారి నేర్పిపెట్టాలి. మీ సమస్యలన్నీ ఈ నేర్పడం జరక్కపోవడం వల్ల వచ్చినవే.

ముందు ‘పలకదు’ అన్న సంగతి. ఒకే కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి మిడీ వెళ్ళడానికి విండోస్‌లో లూప్‌మిడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. సొంత వాడకానికి ఉచితం. తెరిచి ప్లస్ గుర్తు నొక్కితే ఒక పోర్టు తయారవుతుంది. కనిపించని కేబుల్ అనుకోండి, ఒక చివర స్కోరు వైపు, ఇంకో చివర ఆర్గన్ వైపు. మిగతా ప్రోగ్రాములు తెరవకముందే దీన్ని తెరిచి ఉంచాలి. తర్వాత గ్రాండ్‌ఆర్గ్ ఆడియో, మిడీ సెట్టింగుల్లో మిడీ ఇన్‌పుట్ దగ్గర ఈ పోర్టుకి టిక్ పెట్టండి. అవుట్‌పుట్ వైపు మాత్రం పెట్టొద్దు. రెండు వైపులా పెడితే పంపిన కబురు తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. అలాంటిది కనిపెడితే లూప్‌మిడీ ఆ పోర్టునే ఆపేస్తుంది. అప్పుడు ‘నిన్న పలికింది, ఇవాళ పలకట్లేదు’ అని తల పట్టుకోవాలి.

మ్యూజ్‌స్కోర్ నుంచి నేరుగా పంపే పద్ధతి ఒక్కో వెర్షన్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీకు దానికన్నా నికరమైన దారి చెప్తాను. పాటని మ్యూజ్‌స్కోర్‌లోంచి మిడీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైలుని రీపర్ అనే, మిడీ ప్లే చేసి దిద్దుకునే ప్రోగ్రామ్‌లోకి లాగి వదలండి. 60 రోజులు ఊరికే వాడి చూడనిస్తారు. ఫైలుని వదలగానే ట్రాకులన్నీ విడివిడిగా పరచమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో మిడీ డివైసెస్ దగ్గర లూప్‌మిడీ అవుట్‌పుట్‌ని ఎనేబుల్ చేయండి. ఒక్కో ట్రాకు రూటింగ్ తెరిచి, మిడీ హార్డ్‌వేర్ అవుట్‌పుట్‌గా ఆ పోర్టునే ఎంచుకోండి. పక్కనే ఏ ఛానల్‌కి పంపాలో ఎంచుకునే చోటుంటుంది, మనకి ముఖ్యమైంది అదే. మ్యూజ్‌స్కోర్ తనకు తోచిన ఛానల్ ఏదిచ్చినా ఇక్కడ మనం అనుకున్న ఛానల్‌కి మళ్ళిస్తాం.

పాటంతా ఒకే కీబోర్డు మీద మోగడానికి కారణం, మ్యూజ్‌స్కోర్‌లో మీరు ‘పైప్ ఆర్గన్’ అనే ఒకే వాయిద్యాన్ని ఎంచుకుని ఉండటమే అయ్యుంటుంది. చూడటానికి దానికి మూడు స్టాఫులున్నా అది ఒకే వాయిద్యం, ఒకే ఛానల్. పెడల్ గీత మీద రాసింది కూడా చేతి కీబోర్డుకే వెళ్తుంది. కాబట్టి స్కోరులో విడి వాయిద్యాలు పెట్టండి. రెండు స్టాఫులున్న వాయిద్యం ఒకటి గ్రేట్‌కి (ముఖ్యమైన చేతి కీబోర్డు), ఇంకొకటి స్వెల్‌కి (తలుపులున్న పెట్టెలో గొట్టాలుండే రెండో చేతి కీబోర్డు), ఒకే స్టాఫ్ ఉన్నది పెడల్‌కి. పెడల్‌కి డబుల్ బేస్ లాంటి వాయిద్యాన్ని ఎంచుకోవద్దు, అది రాసినదానికన్నా ఒక ఆక్టేవ్ (ఒక సా నుంచి ఇంకో సాకి ఉన్న దూరం) కిందకి దిగి పలుకుతుంది. పెడల్‌లో 16 అడుగుల స్టాప్ లాగితే ఆ ఆక్టేవ్ ఎలాగూ దిగుతుంది. రెండూ కలిస్తే పెడల్ బోర్డులో లేని కీలు అడిగినట్టవుతుంది, అక్కడ ఆర్గన్ మౌనంగా ఉండిపోతుంది.

హిమ్స్‌లో కింది స్టాఫ్‌లో టెనర్ మొదటి వాయిస్‌గా, బేస్ రెండో వాయిస్‌గా ఉంటాయి కదా. ఒక బేస్ నోటు మీద రైట్ క్లిక్ చేసి, అదే వాయిస్‌లోని నోట్లన్నీ ఎంచుకునే వీలుంది. అలా బేస్ మొత్తాన్ని ఒకేసారి కత్తిరించి పెడల్ స్టాఫ్ మీద అతికించండి. గ్రేట్ మీద కూడా దాన్ని ఉంచేస్తే అడుగు భాగం బరువెక్కి మాటలు వినపడవు.

ఇక గ్రాండ్‌ఆర్గ్ వైపు. గ్రేట్ కీబోర్డు మీద రైట్ క్లిక్ చేస్తే మిడీ సెట్టింగ్ కిటికీ వస్తుంది. అందులో రిసీవ్ దగ్గర పోర్టు, నోట్ రకం, ఛానల్ 1, కింది కీ 36, పై కీ 96 అని పెట్టండి. స్వెల్‌కి ఛానల్ 2, పెడల్‌కి ఛానల్ 3. ‘లిజన్’ బటన్ నొక్కి, వచ్చే కబురుని ఆర్గన్‌నే పట్టుకోమని కూడా చెప్పొచ్చు. అప్పుడు రీపర్‌లో ఆ ఒక్క ట్రాకునే సోలోలో పెట్టి ప్లే చేయాలి, లేకపోతే ముందొచ్చిన ట్రాకు కబురుని పట్టేసుకుంటుంది. మీ తమ్ముడు మార్చింది ఇదే సెట్టింగ్ అయితే ఆ పాత వరస ఉందేమో చూసి తీసేయండి, లేకపోతే పెడల్ నోట్లు గ్రేట్ మీద కూడా మోగుతాయి. ఇక్కడిదాకా వచ్చి మూడు చోట్లా ఒక్కో స్టాప్ లాగి పాట మొత్తం వినండి. ఇది సరిగా పలికేదాకా స్టాపుల జోలికి వెళ్ళొద్దు.

స్టాపులకు వద్దాం. చాలామంది స్కోరులో ఒక్కో స్టాప్‌కీ ఒక్కో ఆదేశం రాయబోతారు. ఆదేశాలు పంపే దారులు చాలానే ఉన్నాయి. సిబేలియస్ అనే స్కోరు ప్రోగ్రామ్ వాడేవాళ్ళు టిల్డా (~) గుర్తు పెట్టి కంట్రోల్ చేంజ్ (వాల్యూమ్ లాంటివి మార్చేది), ప్రోగ్రామ్ చేంజ్ (వాయిద్యం మార్చేది) సందేశాల్ని స్కోరు మీదే టెక్స్ట్‌గా రాస్తారు. మీకు మాత్రం స్కోరు రాసే ఏ ప్రోగ్రామ్‌లోనైనా పనిచేసే పద్ధతి చెప్తాను: స్టాపుల కోసమే ఇంకో స్టాఫ్ పెట్టండి. దాని మీద రాసే నోట్లు వినపడేవి కావు, ఆర్గన్‌కి ఇచ్చే సైగలు. ప్రోగ్రామ్ చేంజ్ వద్దనడానికి కారణం ఉంది. మిడీ ఫైలు మొదట్లో ప్రతి ట్రాకుకీ వాయిద్యం ఏదో చెప్పే ప్రోగ్రామ్ చేంజ్, వాల్యూమ్ కబురు ఎలాగూ ఉంటాయి. మీరు స్టాపుల్ని వాటికి ముడిపెడితే పాట మొదలవగానే మీరు అడగని స్టాప్ ఏదో లేచి కూర్చుంటుంది. నోట్లతో ఆ తలనొప్పి లేదు, పైగా స్కోరు చూస్తే ఎక్కడ ఏం మారుతోందో కంటికి కనపడుతుంది. ఎడిట్ చేయడమూ తేలిక.

చేసేది ఇలా. గ్రాండ్‌ఆర్గ్‌లో జనరల్స్ అనే బటన్లుంటాయి. ఒక్కో జనరల్ ఒక స్టాపుల కూర్పుని గుర్తుపెట్టుకుంటుంది. కావాల్సిన స్టాపులు లాగి, ‘సెట్’ నొక్కి, జనరల్ 1 నొక్కితే ఆ కూర్పు అందులో నిలుస్తుంది. తర్వాత జనరల్ 1 బటన్ మీద రైట్ క్లిక్ చేసి రిసీవ్‌లో నోట్ ఆన్, ఛానల్ 16, కీ 60 అని పెట్టండి. జనరల్ 2కి 62, జనరల్ 3కి 64, అంటే సి, డి, ఇ అని వరసగా. తెల్ల కీలే వాడితే స్కోరులో షార్పులూ ఫ్లాట్లూ రావు, చదవడం తేలిక. అన్నీ అయ్యాక ఫైల్ మెనూలో సేవ్ చేయండి.

ఇప్పుడు స్కోరులో నాలుగో వాయిద్యంగా ఒక పియానో స్టాఫ్ పెట్టి ‘స్టాపులు’ అని పేరు రాసుకోండి. రీపర్‌లో ఆ ట్రాకుని ఛానల్ 16కి మళ్ళించండి. ఏ కీబోర్డూ ఆ ఛానల్‌ని వినదు కాబట్టి అందులోని నోట్లు పాటలో వినపడవు. మొదటి చరణానికి ముందు మిడిల్ సి రాస్తే జనరల్ 1 వస్తుంది. రెండో చరణానికి ముందు డి రాస్తే జనరల్ 2. ప్రతి నోటు మీదా ‘ఫ్లూట్లు’, ‘ప్రిన్సిపల్ 8, 4’ అని చిన్న టెక్స్ట్ పెట్టుకుంటే మామయ్య గారు కూడా కాగితం మీద చూసి దిద్దగలరు. ప్రింటు తీసేటప్పుడు క్వయర్ వాళ్ళకిచ్చే కాపీలో ఆ స్టాఫ్‌ని దాచేయండి.

ఆ సైగ నోటుని ఎక్కడ పెట్టాలన్నదే అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన విషయం. కొత్త చరణం మొదటి నోటూ సైగ నోటూ సరిగ్గా ఒకే క్షణంలో పెడితే ఏది ముందు చేరుతుందో చెప్పలేం. కీ ముందు చేరితే మొదటి అక్షరం పాత స్టాపులతో మొదలై మధ్యలో రంగు మారుతుంది. మరీ ముందు పెడితే పాత చరణం చివరి తీగ (కార్డ్, అంటే కలిసి మోగే స్వరాలు) ఇంకా పట్టి ఉండగానే కొత్త స్టాపులు లేస్తాయి. మిక్స్చర్ (పదునైన పై స్వరాలు కలిపేది) లాంటి స్టాప్ అలా తీగ మధ్యలో లేస్తే అరుపులా వినిపిస్తుంది. మీ పాట నాలుగు దెబ్బల తాళంలో ఉండి, చరణం నాలుగో దెబ్బ మీద ఎత్తుకుంటుందనుకోండి. చివరి తీగని రెండో దెబ్బతో ముగించండి. మూడో దెబ్బ మొదటి సగం ఖాళీ వదలండి. రెండో సగంలో ఎనిమిదో వంతు నోటుగా సైగ రాయండి. నాలుగో దెబ్బకి చరణం ఎత్తుకుంటుంది. ఆ ఖాళీ జనం ఊపిరి తీసుకోవడానికి కూడా కావాలి, దాన్ని మింగేయొద్దు.

గ్రాండ్‌ఆర్గ్‌లో సీక్వెన్సర్ అని ఇంకో సదుపాయం ఉంది. 000 నుంచి 999 దాకా వరసగా కూర్పులు నింపుకుని ‘నెక్స్ట్’ అనే ఒక్క బటన్‌తో ముందుకు వెళ్ళొచ్చు. పెద్ద కచేరీ వాయించే ఆర్గనిస్టుకి అది వరం. మీకు మాత్రం జనరల్సే మేలు. క్వయర్ ప్రాక్టీసులో ‘మూడో చరణం నుంచి పట్టండి’ అంటారు. ‘నెక్స్ట్’ మీద నడిచే స్కోరయితే అక్కడ లెక్క తప్పుతుంది. జనరల్స్‌తో అయితే ఆ చరణం ముందున్న సైగ నోటు దగ్గర నుంచి ప్లే చేస్తే చాలు, కూర్పు దానంతటదే సరిగా వస్తుంది.

ఏ చరణానికి ఏ స్టాపులు అన్నది మామయ్య గారికే వదిలేయండి. హార్మోనియం వాయించినాయనకి స్టాపులు కొత్త కాదు. పైప్ ఆర్గన్ స్టాపుల మీద రాసి ఉండే అంకెలు గొట్టం పొడవుని బట్టి వచ్చినవని చెబితే చాలు. 8 అడుగులది రాసిన స్థాయిలోనే పలుకుతుంది, 4 ఒక ఆక్టేవ్ పైన, 2 రెండు ఆక్టేవులు పైన, 16 ఒక ఆక్టేవ్ కింద. నాలుగు చరణాల హిమ్‌కి నేనైతే ఇలా మొదలుపెడతాను. మొదటి చరణం గ్రేట్ ప్రిన్సిపల్ (ఆర్గన్ అసలు స్వరమిచ్చే స్టాప్) 8, 4. రెండోది స్వెల్ మీద ఫ్లూట్ 8, 4తో మెత్తగా, పెడల్‌లో 16 అడుగుల బూర్డన్ (మెత్తని అడుగు స్వరమిచ్చే స్టాప్) ఒక్కటే. మూడోది ప్రార్థనలాంటి మాటలుంటే ఒక్క 8 అడుగుల స్టాప్‌తో. చివరిది గ్రేట్‌కి 2, మిక్స్చర్ కలిపి, స్వెల్‌ని గ్రేట్‌కి జతచేసే కప్లర్ లాగి, పెడల్‌లో 8 కూడా చేర్చి. ఇది పునాది మాత్రమే. మాటల అర్థాన్ని బట్టి ఆయన మారుస్తారు, మార్చాలి కూడా. జనంతో కలిసి ఆ పాటలు అన్నేళ్ళు వాయించిన చెవి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో జనరల్ నింపండి.

స్కోరు సరిగ్గానే ఉన్నా ఆర్గన్ మీద తేడాగా వినిపించేవి కొన్నుంటాయి. సోప్రానో, ఆల్టో ఒకే స్వరం మీద కలిసే చోట్లు చూడండి. సోప్రానో మిడిల్ సి పైన ఉన్న జి మీద రెండు దెబ్బలు నిలబడుతుంది, ఆల్టో అదే జి ఒక్క దెబ్బ పట్టి ఎఫ్‌కి దిగుతుంది. రెండూ ఒకే ఛానల్. ఆల్టో వదిలిన కబురు రాగానే ఆ కీ లేచిపోతుంది, సోప్రానో స్వరం సగంలో తెగుతుంది. అలాంటి చోట ఆల్టో నోటుని ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో ‘ప్లే’ టిక్ తీసేయండి. కాగితం మీద ఉంటుంది, మోగదు.

రెండోది, ఒకే స్వరం వరసగా రెండు మూడుసార్లు వచ్చే చోట. పియానో అయితే ప్రతిసారీ సుత్తి దెబ్బ వినిపిస్తుంది. ఆర్గన్‌లో ఒక నోటు ముగిసిన చోటే ఇంకోటి మొదలైతే రెండూ అతుక్కుపోయి ఒకటే పొడుగు స్వరంలా ఉంటాయి. గుడి ప్రతిధ్వనితో రికార్డు చేసిన ఆర్గన్ అయితే మరీను. జనానికి మాట ఎక్కడ పడుతుందో తెలియదు. హిమ్ వాయించే ఆర్గనిస్టులు పాత రోజుల నుంచీ పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. సోప్రానోలో మళ్ళీ వచ్చిన స్వరాన్ని విడదీసి వాయిస్తారు, లోపలి గొంతుల్లో మళ్ళీ వచ్చినదాన్ని కలిపి పట్టుకుంటారు. మీరూ ఆల్టో, టెనర్ గొంతుల్లో టై గీతలు (రెండు ఒకే స్వరాల్ని కలిపి పట్టమనే వంపు గీతలు) పెట్టండి. సోప్రానో నోట్లని రీపర్ మిడీ ఎడిటర్‌లో కొద్దిగా కురచ చేయండి. ఎంత అన్నది వేగాన్ని బట్టి, హాలుని బట్టి. చెవితోనే తేల్చుకోవాలి. ఈ ఒక్క దిద్దుబాటుతో మెషీన్ వాయిస్తున్నట్టు ఉన్న పాట మనిషి వాయించినట్టవుతుంది.

స్కోరులోని ఫోర్టే, పియానో గుర్తులకి మామూలుగా ఆర్గన్ లొంగదు. కీ ఎంత గట్టిగా నొక్కినా గొట్టంలోకి వెళ్ళే గాలి ఒకటే. శబ్దం పెరగాలంటే స్టాపులు చేర్చాలి, లేదా స్వెల్ పెట్టె తలుపులు తెరవాలి. ఆ తలుపుల పెడల్‌ని గ్రాండ్‌ఆర్గ్‌లో కంట్రోల్ చేంజ్ 11కి నేర్పి, రీపర్‌లో స్వెల్ ట్రాకు కింద 11వ కంట్రోలర్ గీతని పైకీ కిందకీ గీయండి. 7వ నంబరు వద్దు, మిడీ ఫైలు మొదట్లో ఎలాగూ ఆ వాల్యూమ్ కబురు వచ్చి తలుపుల్ని తనకిష్టమైన చోట పెట్టేస్తుంది. పెట్టెలో లేని గ్రేట్ స్టాపుల మీద ఇది పనిచేయదు, చాలా ఆర్గన్లలో అంతే.

తెలుగు కీర్తనల గురించి అడిగారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో స్థిరపడింది, ఒంగోలుకి ఆ మిషన్‌కే చెందిన మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో వచ్చారు. నాలుగు గొంతుల హిమ్స్ మన ప్రాంతానికి అలాంటి మిషన్ల వెంటే వచ్చాయి. రాగతాళాలతో కట్టిన తెలుగు కీర్తన దారి వేరు. దానికి గమకం కావాలి, పైప్ ఆర్గన్ గొట్టం ఒకే శ్రుతి మీద నిలబడుతుంది. పైగా కీర్తనలో పల్లవి ఎన్నిసార్లు తిప్పాలన్నది పాడించే ఆయన ఇష్టం, జనం ఉత్సాహం. ముందే రాసిపెట్టిన స్కోరు దానికి కాళ్ళకు బంధం. కాబట్టి కీర్తనల్ని హార్మోనియం, డోలక్ వాళ్ళకే ఉంచండి. ఎంతో ఇష్టంగా ఒకటి చేయాలనిపిస్తే, తీగలు కట్టకుండా పెడల్‌లో సా, స్వెల్‌లో మెత్తని 8 అడుగుల స్టాప్‌తో సా, పా నిలబెట్టి శ్రుతి మాత్రం ఆర్గన్‌తో ఇవ్వండి. పాట మనుషులు పాడతారు. ఆ శ్రుతికి కూడా స్కోరు అక్కర్లేదు, మీ కీబోర్డుని ఛానల్ 2కి పెట్టి మీరే పట్టుకోవచ్చు.

శ్రుతి మాటొచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. ఈ శాంపిల్ సెట్లు నిజమైన ఆర్గన్లని గొట్టం గొట్టం రికార్డు చేసి తయారుచేసినవి. ఆ గుడిలో ఆర్గన్ ఏ శ్రుతిలో ఉందో ఇక్కడా అదే వస్తుంది. యూరప్ పాత ఆర్గన్లు కొన్ని మన కీబోర్డు ఎ 440తో అర మెట్టు దాకా తేడాగా ఉంటాయి, స్వరాల మధ్య దూరాలూ వేరుగా ఉంటాయి. మీ సంఘంలో అదే పాటకి ఎలక్ట్రానిక్ కీబోర్డు కూడా వాయిస్తుంటే రెండూ కొట్టుకుంటాయి. గ్రాండ్‌ఆర్గ్‌లో టెంపరమెంట్‌ని (స్వరాల మధ్య దూరాల అమరిక) ఈక్వల్‌కి మార్చి, శ్రుతిని సెంట్లలో (అర మెట్టులో నూరో వంతు ఒక సెంటు) సర్దుకుని, కీబోర్డుతో ఒక ఎ నొక్కి సరిచూసుకోండి. జనానికి పాట ఎత్తు ఎక్కువైతే ట్రాన్స్‌పోజ్ కూడా అక్కడే ఉంది, స్కోరు మార్చనక్కర్లేదు.

హౌప్ట్‌వెర్క్ మంచి సాఫ్ట్‌వేర్. దాంతో పాటు వచ్చే ఇంగ్లండ్ మోస్లీ సెయింట్ ఆన్స్ చర్చి ఆర్గన్ హిమ్స్‌కి చక్కగా ఉంటుంది. కానీ మీకు కావాల్సిన పనులన్నీ గ్రాండ్‌ఆర్గ్‌తోనే అయిపోతాయి. ఆ డబ్బు మంచి స్పీకర్ మీద పెట్టండి. శాంపిల్ సెట్లలో పియోటర్ గ్రబోవ్‌స్కీ లాంటి వాళ్ళు ఉచితంగా ఇస్తున్నవి ఉన్నాయి. శాంపిళ్ళు ర్యామ్‌లోకి ఎక్కుతాయి కాబట్టి 8 జీబీతో రెండు కీబోర్డుల చిన్న ఆర్గన్ ఎంచుకుని, 16 బిట్‌లో, కంప్రెషన్ పెట్టి లోడ్ చేయండి. మీరు ముందే రాసిన స్కోరు నడిపిస్తున్నారు, వేళ్ళతో వాయించడం లేదు. కాబట్టి శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. ఆడియో బఫర్ పెద్దది పెట్టుకోండి, చిటపటలు రావు. గుడి హాల్లో సహజంగానే ప్రతిధ్వని ఉంటే తక్కువ ప్రతిధ్వనితో రికార్డు చేసిన సెట్ తీసుకోండి. లేకపోతే రెండు గుళ్ళ ప్రతిధ్వనులు కలిసి మాట ముద్దయిపోతుంది.

స్పీకర్ సంగతి. 16 అడుగుల అట్టడుగు సి దాదాపు 33 హెర్ట్జ్. ప్రసంగాలకి పెట్టే మామూలు బాక్సు దాన్ని పలకలేదు, ఊపు తప్ప శబ్దం రాదు. సబ్‌వూఫర్ లేకపోతే పెడల్‌లో 16తో పాటు 8 అడుగుల స్టాప్ తప్పకుండా లాగి ఉంచండి. అట్టడుగు సి అప్పుడు 65 హెర్ట్జ్ దగ్గర కూడా పలుకుతుంది, బేస్ ఎక్కడుందో జనానికి తెలుస్తుంది.

ఆరాధన రోజున పాట మొత్తాన్ని ఒక్కసారిగా వదలొద్దు. రీపర్‌లో చరణానికో ముక్కగా చేసుకుని, పాస్టర్ గారి వైపు, క్వయర్ వైపు చూస్తూ ఒక్కో చరణం మీరే స్పేస్ బార్‌తో మొదలుపెట్టండి. మధ్యలో ఆపాల్సి వచ్చి ఏదైనా స్వరం ఆగకుండా మోగుతుంటే గ్రాండ్‌ఆర్గ్ మిడీ మెనూలో ప్యానిక్ అని ఉంటుంది, అది నొక్కితే ఆగిపోతుంది. దాని చోటు ముందే చూసిపెట్టుకోండి. విండోస్ అప్‌డేట్లు, స్లీప్ రెండూ ముందు రోజే ఆపండి, ఛార్జర్ పెట్టే ఉంచండి. అన్నీ కుదిరాక ప్రతి పాటనీ గ్రాండ్‌ఆర్గ్‌లోనే వేవ్ ఫైలుగా రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే అదే స్పీకర్లో దాన్ని వేయొచ్చు. మామయ్య గారు ఒక్కో పాట ఎంత వేగంతో వాయించేవారో అడిగి, రికార్డు చేసే ముందు టెంపో దానికి సరిచేయండి. మ్యూజ్‌స్కోర్ మామూలుగా పెట్టే 120 చాలా హిమ్స్‌కి పరుగే.